మేఫెయిర్‌లో ఒక చిన్న తోట

సభకు నమస్కారం.

లండన్ వెళ్లినవారు హైడ్ పార్క్ చూడకుండా తిరిగి రారు. చూడవలసిందే. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది దాని తూర్పు అంచు నుంచి కొద్ది నిమిషాలు నడిస్తే వచ్చే ఒక చిన్న తోట గురించి. పేరు మౌంట్ స్ట్రీట్ గార్డెన్స్. మేఫెయిర్ అనే సంపన్నుల పేటలో, నగల దుకాణాలూ చిత్రశాలలూ ఉన్న ఎర్రటి భవనాల వెనుక ఒదిగి ఉంటుంది. గేటు తెలియకపోతే దాటి వెళ్లిపోతాం.

లోపల ఎత్తైన ప్లేన్ చెట్లు, వంపు తిరిగిన బాట, దానికి రెండు వైపులా కొయ్య బెంచీలు. మధ్యలో ఒక ఖర్జూరపు చెట్టు. కెనరీ దీవుల జాతి. లండన్ చలిలో అది ఎలా బతుకుతోందని ఆశ్చర్యం వేస్తుంది. చుట్టూ ఉన్న భవనాలు గాలిని ఆపుతాయి, గోడలు పగటి వేడిని పట్టి ఉంచుతాయి. బయటి వీధిలో వణికినవారికి ఆ తేడా ఒంటికే తెలుస్తుంది.

అంత ఖరీదైన చోట ఇంత నేల ఎలా మిగిలింది? ఇక్కడ కాస్త ఆగుదాం. ఇది శ్మశానం. 1723లో హనోవర్ స్క్వేర్ సెయింట్ జార్జ్ చర్చి పరిధిలోని వారి కోసం ఏర్పడింది. దగ్గరలోనే నిరుపేదలను ఉంచి పని చేయించే పారిష్ వర్క్‌హౌస్ కూడా ఉండేది. ఈనాటి మేఫెయిర్‌ను చూసినవారికి నమ్మశక్యం కాని మాట అది. 19వ శతాబ్దం నడిమికి లండన్ శ్మశానాలు కిక్కిరిసిపోయాయి. ప్రజారోగ్యం కోసం 1852లో చట్టం వచ్చింది, 1854లో ఇక్కడ ఖననాలు ఆగిపోయాయి.

అప్పుడే కట్టడాలు లేచి ఉండవలసింది. ఖాళీ నేల కోసం కాచుకున్నవారికి లండన్‌లో కొదవ లేదు. కానీ 1882లో లార్డ్ బ్రాబజాన్ చొరవతో మెట్రోపాలిటన్ పబ్లిక్ గార్డెన్స్ అసోసియేషన్ పుట్టింది. వాడుకలో లేని శ్మశానాలను జనం కూర్చునే తోటలుగా మార్చాలని ఆ సంఘం పట్టుబట్టింది. 1884లో చట్టం అలాంటి నేలల మీద, చర్చి విస్తరణకు తప్ప, కట్టడాలను నిషేధించింది. మౌంట్ స్ట్రీట్ శ్మశానం 1889లో తోటగా రూపు దిద్దుకుంది. ఎవరో దొరగారు దయతలచి విడిచిన నేల కాదిది. అడిగి, పోరాడి, శాసనంగా రాయించుకున్న హక్కు. నాకు ఈ తోట మీద ఇంత గౌరవం అందుకే.

పోలిక కోసం బెల్‌గ్రేవ్ స్క్వేర్‌కు వెళ్లండి. అక్కడి తోట ఇంతకంటే విశాలం, ఎంతో అందం. గేటుకు మాత్రం తాళం, తాళంచెవి ఉన్నవారికే ప్రవేశం. కంచె అవతల నిలబడి చూసే పచ్చదనం ఎంత బాగున్నా అది మనది కాదు.

ఇక బెంచీలు. చాలావాటి వీపు మీద అక్షరాలు చెక్కి ఉంటాయి. ఒక పేరు, తేదీలు, ఈ తోటను ప్రేమించిన మనిషి అని ఒక వాక్యం. వాటిలో అమెరికన్లు ఇచ్చినవి ఎక్కువ. 2018 దాకా వారి రాయబార కార్యాలయం పక్కనే గ్రోవనర్ స్క్వేర్‌లో ఉండేది. పరదేశంలో పని చేస్తూ మధ్యాహ్నం కాసేపు కూర్చున్న చోటును మరచిపోలేక బెంచీ ఇచ్చి వెళ్లారంటే, ఆ చోటు వారికి ఏమై ఉంటుందో ఊహించండి. వెళ్తే ఆ రాతలు తీరిగ్గా చదవండి.

పనిరోజున మధ్యాహ్న భోజనవేళ వెళ్లడం మేలు. దుకాణాల్లో పనిచేసేవారు, మేస్త్రీలు, ముసలివారు, ఆ పేట ధనికులు, అందరూ ఒకే వరుసలో కూర్చుంటారు. తోటలోకి తెరుచుకునే తలుపున్న ఫార్మ్ స్ట్రీట్ చర్చిని కూడా చూడవచ్చు. చీకటి పడేసరికి గేట్లు మూసేస్తారు కనుక ముందే బయలుదేరండి. దారి చూపే పటం బల్ల మీద ఉంచాను, ప్రశ్నలుంటే అడగండి.