హన్మకొండలో అమ్మ వంటింట్లో సుషీ

అందరికీ నమస్కారం. జపాన్‌లోని ఒసాకా నుంచి రెండు వారాల సెలవు మీద హన్మకొండకు వచ్చాను. ఈరోజు అమ్మ వంటింట్లోనే సుషీ అనే జపాన్ వంటకం చేస్తున్నాను. "పచ్చి చేప నా గిన్నెల్ల పెట్టకు బిడ్డా" అని అమ్మ ముందే చెప్పింది. పెట్టను. మన చెరువు చేపలను పచ్చిగా అసలు తినకూడదు, మంచినీటి చేపల్లో కాలేయానికి పట్టే పురుగులు ఉండొచ్చు. అయినా సుషీ అంటే పచ్చి చేప అని కాదు, పుల్లని అన్నం. చేప లేని సుషీ ఉంటుంది, అన్నం లేని సుషీ లేదు.

అందుకే టైమంతా అన్నానికే పెట్టండి. మనకు సన్నబియ్యం వండితే మెతుకు మెతుకూ విడివిడిగా రావాలి. సుషీకి మాత్రం అంటుకోవాలి. జపాన్ బియ్యం పొట్టిగా ఉంటుంది, అందులో అమైలోస్ అనే పిండి పదార్థం తక్కువ, అందుకే అంటుకుంటుంది. నేను సూట్‌కేసులో 2 కిలోలు తెచ్చుకున్నాను. రెండు గ్లాసుల బియ్యం నీళ్లు తేటపడేదాకా కడిగి, అరగంట నానబెట్టి, రెండు గ్లాసుల పైన కొంచెం నీళ్లతో వండాను. గంజి వంచొద్దు. స్టవ్ ఆపాక కూడా పది నిమిషాలు మూత తీయొద్దు.

అన్నానికి పులుపు కోసం పావు గ్లాసు రైస్ వెనిగర్ (బియ్యంతో చేసే వెనిగర్), రెండు పెద్ద చెంచాల చక్కెర, ఒక చిన్న చెంచా ఉప్పు. మరిగించకుండా కరిగేదాకా వేడి చేస్తే చాలు. అన్నాన్ని స్టీలు తాంబాళంలో పరిచి ఇది చల్లాను. ఇక్కడ గరిటె అమ్మ తన చేతిలోకి తీసుకుంది. పులిహోర కలిపిన చేయి కదా, మెతుకు విరగకుండా అడ్డంగా కోసినట్టు కలిపింది. నేను పక్కన విసనకర్రతో విసిరాను. అలా విసిరితే తడి ఆరి అన్నానికి మెరుపు వస్తుంది.

నోరి అంటే సముద్రపు నాచు షీటు. గరుకు వైపు పైకి పెట్టి, తడి చేత్తో అన్నం పలచగా పరిచి, అవతలి అంచున ఒక అంగుళం వదిలేయండి. మధ్యలో కీర, క్యారెట్. వెదురు చాపతో చుట్టి, ప్రతి కోతకూ కత్తి తడిపి కోయండి. కీర ఒక్కటే పెడితే జపాన్‌లో కప్పా మాకి అంటారు.

మిగిలినవి అమ్మ ఫ్రిజ్‌లో పెట్టబోతే వద్దన్నాను, అన్నం గట్టిపడుతుంది. చివరి రెండు ముక్కలు నాన్న మామిడి తొక్కు నంజుకుని తిన్నారు.