మొద్దునిద్ర పోయేవాళ్లు తుపాకి మంచం పక్కన పెట్టుకోవద్దు

తెర మీద: రాత్రి. పెరటి తలుపు, పక్కనే చువ్వల కిటికీ. తర్వాత మంచం, తలవైపు గోడకి ప్లగ్గు, అందులో చార్జర్ మాత్రం వేలాడుతూ.

అందరికీ నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను.

కొన్నేళ్ల కిందట, ఎండాకాలం, మా ఆవిడ పిల్లల్ని తీసుకుని పుట్టింటికెళ్లింది. ఇంట్లో నేనొక్కణ్ణే. ఆ రాత్రి దొంగ పడ్డాడు. పెరటి గోడ దూకాడు, ఈ కిటికీలోంచి చెయ్యి పెట్టి తలుపు గెడ తీశాడు, లోపలికొచ్చాడు. రెండు ఇత్తడి బిందెలు, నా ఫోను పట్టుకెళ్లిపోయాడు. ఆ ఫోను ఎక్కడుందంటే, ఇదిగో, ఈ ప్లగ్గుకి. నా తలకి మూరెడు దూరం. అంటే ఆ మనిషి నా మంచం పక్కన నిలబడి, వంగి, వైరు లాగి, తాపీగా వెళ్లాడు. నేను పొద్దున్న ఆరింటికి లేచాను.

మా ఇంట్లో లైసెన్సు తుపాకి ఉంది. నాన్నగారి నాటి డబుల్ బ్యారెల్, పన్నెండు బోరు. ఆయన పోయాక వారసుడిగా దరఖాస్తు పెట్టి నా పేరు మీదకి మార్పించుకున్నాను. దొంగ పడ్డ ఆ వారమే వీధిలో దొంగతనాల గురించి విని, దాన్ని బీరువాలోంచి తీసి మంచం కింద పెట్టుకుందామనుకున్నాను. బద్ధకించి ఊరుకున్నాను. పెట్టుకుని ఉంటే? ఫోను దొరికినవాడికి తుపాకి దొరకదా? ఆ పొద్దున్న పోయిన బిందెల గురించి నాకు బాధే లేదు. ఆ ఒక్క ఆలోచనకే చేతులు వణికాయి.

అప్పటినుంచీ నేను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది ఇదే. నిద్రపోయేవాడి పక్కనున్న వస్తువు మెలకువగా ఉన్నవాడిది. మీది మొద్దునిద్ర అయితే, మంచం పక్కన తుపాకి పెట్టుకోవడమంటే ఇంట్లోకి వచ్చినవాడికి మీ చేత్తో ఆయుధం ఇవ్వడం.

తెర మీద: రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా ఒక గీత. మొదటి మూడు గంటల దగ్గర బాగా కిందకి దిగుతుంది.

ముందు నిద్ర సంగతి. మనం పడుకున్నాక సుమారు తొంభై నిమిషాలకొక చుట్టు చొప్పున నిద్ర లోతుకి దిగుతూ, పైకి తేలుతూ ఉంటుంది. బాగా గాఢమైన నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలోనే ఉంటుంది. పదింటికి పడుకున్నవాడు పదకొండుకి, పన్నెండుకి పిలిచినా పలకడు. అదే మనిషి నాలుగింటికి పాలవాడి సైకిలు గంటకి లేస్తాడు.

కొందరు మిగతావాళ్లకన్నా గట్టిగా పడుకుంటారు. ఇందులో సోమరితనమేమీ లేదు. 2010లో బోస్టన్‌లో పన్నెండు మందిని పడుకోబెట్టి మెదడు తరంగాలు కొలిచారు. నిద్రలో స్పిండిల్ అనే చిన్న తరంగాలు ఎక్కువగా వచ్చేవాళ్లు పెద్ద చప్పుళ్లకి కూడా అంత తేలిగ్గా లేవలేదు. బయటి శబ్దం మెదడు పైభాగానికి చేరకుండా అడ్డుకోవడంలో ఆ తరంగాల పాత్ర ఉందని చెప్పారు. మనిషి మనిషికీ తేడాగా ఉండే నిద్ర అది. దానికి తోడు నాలుగు రోజుల నిద్ర బాకీ, మందు, జలుబు మాత్ర, ఇవన్నీ ఇంకా లోతుకి లాగుతాయి. గురక గట్టిగా పెట్టి, మధ్యలో ఊపిరి ఆగినట్టయి, పొద్దున్న తలనొప్పితో లేచేవాళ్లు దొంగల సంగతి పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. అది జబ్బు, వైద్యం ఉంది.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి. లేచిన వెంటనే మనం మనం కాదు. గాఢనిద్రలోంచి ఉన్నపళంగా లేపితే కళ్లు తెరుచుకుంటాయి, కాళ్లు నడుస్తాయి, కానీ బుర్ర మాత్రం ఇంకా పడుకునే ఉంటుంది. ఆ మబ్బు మామూలుగా పదిహేను నిమిషాల నుంచి అరగంట దాకా ఉంటుంది. నిద్ర కరువై ఉంటే ఇంకా ఎక్కువ. మనుషుల్ని గుర్తుపట్టడం, ఏం చెయ్యాలో తేల్చుకోవడం, అన్నీ మందగిస్తాయి. కొందరైతే లేచి మాట్లాడతారు, తిడతారు, పొద్దున్నకి ఏదీ గుర్తుండదు. మా మావయ్య ఒకాయన అలా లేచి సొంత తమ్ముణ్ణే "ఎవడ్రా నువ్వు" అని గొంతు పట్టుకున్నాడు. ఆ చేతిలో తుపాకి ఉంటే ఎలా ఉండేదో మీరే ఊహించండి.

కాబట్టి తుపాకికీ మంచానికీ మధ్య దూరం ఉండాలి. అది అడ్డంకి కాదు, మీ బుర్ర లేవడానికి మీరు ఇచ్చుకునే సమయం.

తెర మీద: మా వీధి. గోడకి గోడ కలిసిన ఇళ్లు, పొడుగ్గా, ముందు అరుగు, వెనక పెరడు.

ఇప్పుడు ఇల్లు చూడండి. పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం పాత వీధుల్లో ఇళ్లన్నీ ఇలాగే ఉంటాయి. ముందు గది, దాని వెనక గది, దాని వెనక వంటిల్లు, ఆ వెనక పెరడు, నుయ్యి. రైలు పెట్టెలా. వీధి తలుపుకి మనం పెద్ద తాళం వేస్తాం, దొంగ పెరట్లోంచి వస్తాడు.

పెరటి తలుపుకి ఏం చేశానో చూపిస్తాను. గెడ కిటికీకి చెయ్యందనంత దూరానికి, తలుపు కిందివైపుకి మార్చాను. కిటికీకి లోపలినుంచి ఇనప జల్లెడ బిగించాను. పైన అడ్డకర్ర. దీనివల్ల దొంగ రాడని కాదు, వస్తే చప్పుడు చెయ్యక తప్పదని. మా నాయనమ్మ రోజూ రాత్రి పెరటి తలుపుకి ఆనించి చెంబు మీద చెంబు పేర్చి పడుకునేది. తలుపు కదిలితే ఇల్లంతా మోగేది. ఈరోజు తలుపుకి అంటించే అయస్కాంతం అలారం కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. చేసేది ఆ చెంబుల పనే.

అయితే ఆ అలారంతో ఒక చిక్కుంది. అది సన్నగా కీచుమంటుంది. పొగ అలారాల మీద జరిగిన పరీక్షల్లో తేలిందేమిటంటే, మూడు వేల హెర్ట్జ్ పైన ఉండే కీచు శబ్దానికి లేవని వాళ్లు చాలామంది 520 హెర్ట్జ్ దగ్గరి బొంగురు మోతకి లేచారు. పిల్లలు, వినికిడి తగ్గిన పెద్దవాళ్లు, తాగి పడుకున్నవాళ్లు కూడా. కొనేటప్పుడు మోగించి వినండి. బొంగురుగా మోగేది తీసుకోండి. దాన్ని తలుపు దగ్గర కాదు, మీరు పడుకునే గదిలో మోగేటట్టు పెట్టించండి. చెవి పని చెయ్యకపోతే ఒళ్లు పని చేస్తుంది. వినికిడి లేనివాళ్ల కోసం తలగడ కింద అదిరే పరికరం వస్తుంది, చేతి గడియారంలో కూడా ఆ అదురు ఉంటుంది.

ఇంకో సంగతి, నాకు చాలా ఇష్టమైనది. నిద్రలో ఉన్న మనిషి మెదడు వేరే పేర్లకన్నా సొంత పేరుకి ఎక్కువగా స్పందిస్తుందని 1960లోనే బ్రిటన్‌లో పరీక్షించి చూశారు. మా పెద్దోడు మా ఆవిడ గొంతు రికార్డు చెయ్యబోయాడు. నా పేరు పెట్టి పిలవమంటే ఒప్పుకోలేదు పాపం, పాతికేళ్లలో ఎప్పుడూ పిలవలేదు. చివరికి వాళ్లమ్మ కాదు, మా అప్ప, అంటే మా అక్క, పిలిచింది. తలుపు తెరుచుకుంటే ఇప్పుడు నా ఫోన్లోంచి మా అప్ప గొంతు నన్ను చిన్నప్పటి పేరుతో కేకేస్తుంది.

కరెంటు పోయినా పని చేసే అలారం మాత్రం గోడ అవతల ఉంది. పక్కింటి పిన్నిగారిది కోడినిద్ర. మా కుక్క మొరిగితే నాకు వినపడదు, ఆవిడకి వినపడుతుంది. మేము ఒప్పందం చేసుకున్నాం. ఆవిడకి అనుమానం వస్తే రోకలితో గోడ మీద మూడు దెబ్బలు. నేను పలక్కపోతే ఫోను. అప్పటికీ పలక్కపోతే అత్యవసర నంబరు 112కి ఆవిడే ఫోన్ చేస్తుంది.

112 దగ్గర ఒక మాట. కంగారులో మనకి తెలుగే వస్తుంది. అవతలివాళ్లకి ఒడియా. "ఆమ ఘరే చోర పశిఛి", అంటే మా ఇంట్లో దొంగ దూరాడు అని, ఆ తర్వాత వీధి పేరు, దగ్గరి గుడి పేరు. పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి గోడకి అంటించండి. నాకు ఒడియా బాగానే వచ్చు, అయినా అంటించాను. అర్ధరాత్రి నిద్రమబ్బులో ఏ భాష నోటికొస్తుందో చెప్పలేం.

తెర మీద: ఇనప బీరువా. విడిగా చిన్న పెట్టె. రెండు తాళాలు.

తుపాకి ఖాళీగా, బీరువాలో, తాళంతో. తూటాలు వేరే పెట్టెలో, వేరే తాళంతో. లైసెన్సుకి దరఖాస్తు పెట్టినప్పుడు భద్రంగా దాస్తానని రాసిచ్చాం కదా, అది ఉత్త కాగితం కాదు. పోయిందంటే వెంటనే స్టేషన్లో చెప్పాలి. తాళం చెవులు రెండు చోట్ల, పిల్లలకి తెలియని చోట. నా పడగ్గదికి లోపలినుంచి గట్టి గెడ ఉంది. దొంగ నా దాకా రావాలంటే దాన్ని విరగ్గొట్టాలి. మోత నాకు, గోడ అవతలికి కూడా వినపడుతుంది.

లేచాక నేను చేసే వరస ఇది. లైటు. కాళ్లు నేల మీద. చెంబులో నీళ్లు మొహాన కొట్టుకుంటాను. ఇంట్లో ఈ రాత్రి ఎవరెవరున్నారో పేర్లు పైకి చదువుతాను. ఒక్కొక్కరినీ పిలిచి పలికించుకుంటాను. 112. "ఎవరది" అని గట్టిగా కేక. ఇవన్నీ అయ్యేదాకా తాళం చెవి ముట్టను. పేర్లు చదవడం అన్నిటికన్నా ముఖ్యం. రాత్రి రైలు దిగి వచ్చే కొడుకు, మంచినీళ్లకి లేచిన అత్తగారు, పెరట్లోకి వెళ్లిన పనిపిల్ల, చీకట్లో అందరూ ఒకేలా ఉంటారు. ఆలస్యంగా వచ్చేవాళ్లు ఫోన్ చెయ్యకుండా గోడ దూకకూడదని మా ఇంట్లో గట్టి నియమం.

ఎండల్లో డాబా మీద పడుకునేవాళ్లు తుపాకి పైకి తీసుకెళ్లకండి. బీరువాలోనే ఉండనివ్వండి, మెట్ల తలుపుకి గెడ వెయ్యండి.

డాబా అంటే గుర్తొచ్చింది. "గాల్లోకి ఒకటి పేలిస్తే పారిపోతాడు" అని చాలామంది అంటారు. ఎండాకాలం మన వీధిలో ప్రతి డాబా మీదా మనుషులు పడుకుని ఉంటారు. 2019లో ఆయుధాల చట్టం సవరించారు. ప్రాణానికి ప్రమాదం కలిగేలా నిర్లక్ష్యంగా పేలిస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గాల్లోకి పేల్చకండి.

ఇంక చట్టం సంగతి. 2024 జులై 1 నుంచి పాత ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లో ఉంది. ఆత్మరక్షణ హక్కు 34 నుంచి 44 సెక్షన్లలో ఉంది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి చొరబడినవాడి మీద ఆ హక్కు ప్రాణం తీసేదాకా కూడా వెళ్లొచ్చని 41 చెబుతుంది. ఆ ఒక్క ముక్క విని అందరూ ధైర్యం తెచ్చుకుంటారు. 37 చదవరు. అవసరానికి మించి హాని చెయ్యకూడదు, అధికారుల సాయం అడిగే వ్యవధి ఉంటే ఈ హక్కే ఉండదు. బిందె పట్టుకుని గోడ దూకుతున్నవాణ్ణి వెనకనుంచి కాలిస్తే, అది రక్షణ అని నిరూపించుకోవలసింది మీరే. "నువ్వేం చూశావు, అతని చేతిలో ఏముంది, ఎంత దూరంలో ఉన్నాడు" అని కోర్టు అడుగుతుంది. నిద్రమబ్బులో ఉన్నవాడి దగ్గర ఈ మూడింటికీ జవాబుండదు.

తుపాకి ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుందనీ అనుకోకండి. 2024 మేలో మా దగ్గర పోలింగ్. దానికి ముందే నా తుపాకి స్టేషన్లో అప్పగించాను. ఎన్నికలయ్యేదాకా అక్కడే ఉంది. ఆ వారాలన్నీ మా ఇంటిని కాసింది పెరటి గెడ, పిన్నిగారి రోకలి.

తెర మీద: గోడ మీద కాలెండరు, కొన్ని తేదీల దగ్గర పెన్నుతో టిక్కులు.

ఇదంతా పెట్టాక పరీక్ష పెట్టించుకున్నాను. నెలలో ఏ రాత్రయినా, నాకు చెప్పకుండా, పెద్దోడు పెరటి తలుపు తియ్యాలి. ఆ రాత్రుల్లో తాళం చెవులు మా ఆవిడ దగ్గరే ఉంటాయి, ఆ షరతు లేకుండా ఈ పరీక్ష ఎవరూ చెయ్యొద్దు. మొదటి నెల ఏడుసార్లు తీశాడు. నేను లేచింది రెండుసార్లు. కీచు అలారం తీసేసి బొంగురుది పెట్టి, మా అప్ప గొంతు చేర్చాక, రెండో నెల ఏడింట ఐదు. లేవని రెండూ రాత్రి పన్నెండు లోపలివే. ఆ రెండుసార్లూ గోడ మీద మూడు దెబ్బలు పడ్డాయి.