మూడో నంబరు ఎగరేసినవాడి మాట

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు ఇందాకే మూడుసార్లు చదివారు, నేను నాలుగోసారి చదవను. నాకిచ్చింది పదిహేను నిమిషాలు. కార్డులో "డార్విన్ ఓడ కెప్టెన్" అని వేశారు. డార్విన్ పేరుంటే నలుగురూ వస్తారని కాబోలు. కానీ నేను చెప్పాలని వచ్చింది ఆ ఓడ గురించి కాదు, ఆ కెప్టెన్ తరవాత మొదలుపెట్టిన గాలివాన హెచ్చరికల గురించి.

ఆ కెప్టెన్ రాబర్ట్ ఫిట్జ్‌రాయ్, 1805లో పుట్టాడు. గొప్పింటి బిడ్డ. పన్నెండేళ్లకే నౌకాదళ కళాశాలలో చేరాడు, ఇరవై మూడేళ్లకు బీగిల్ ఓడకు కెప్టెనయ్యాడు. అంతకుముందున్న కెప్టెన్ దక్షిణ అమెరికా కొసన, ఆ చలిలో ఆ ఒంటరితనంలో, తనను తానే కాల్చుకుని చనిపోయాడు. ఆ కుర్చీలో కూర్చున్నాడు ఈయన. 1831లో మళ్ళీ బయలుదేరేటప్పుడు, మాట్లాడుకోవడానికి చదువుకున్న తోడొకరు కావాలన్నాడు. అలా ఎక్కినవాడే డార్విన్.

దండ వేసే ముందు ఇంకో సంగతి కూడా చెప్పాలి. మొదటి ప్రయాణంలో పడవ దొంగిలించారని మొదలుపెట్టి, దక్షిణ అమెరికా కొసనున్న టియెర్రా డెల్ ఫ్యూగో దీవుల వాళ్ళను నలుగుర్ని ఇంగ్లండుకు పట్టుకుపోయాడు. ఒకడు మశూచితో పోయాడు. తరవాత న్యూజిలాండ్ గవర్నర్‌గా వెళ్తే, అక్కడి మావోరీలతో వచ్చిన ఒక తగాదాలో తప్పు తెల్లవాళ్ళదేనన్నాడని ఆ తెల్లవాళ్ళే కక్షగట్టారు. రెండేళ్లకే వెనక్కి పిలిపించారు.

అసలు సంగతి 1854లో మొదలైంది. వాతావరణ లెక్కలు పోగుచేసే చిన్న ఆఫీసు ఇచ్చి కూర్చోబెట్టారు. 1859 అక్టోబరులో మెల్‌బోర్న్ నుంచి బంగారం గనుల వాళ్ళతో వస్తున్న రాయల్ చార్టర్ అనే ఓడ, ఇల్లు ఇక వచ్చేసిందనగా, వేల్స్ ఒడ్డున రాళ్ళకు కొట్టుకుని ముక్కలైంది. 450 మంది పైనే పోయారు. ఒడ్డు ఎంత దూరమనుకున్నారు? కేకేస్తే వినబడేంత! ఫిట్జ్‌రాయ్ ఆ గాలివాన దారిని కాగితం మీద గీసి చూశాడు. తంతి ఉంది కదా, గాలి కంటే తంతి ముందు పోతుంది కదా, ఒక్క కబురు పంపలేమా అన్నాడు. 1861 ఫిబ్రవరి నుంచి పంపాడు. తంతి అందగానే రేవులో స్తంభానికి నల్లటి శంకువు ఎగరేసేవారు. మొన పైకుంటే ఉత్తరపు గాలి, కిందికుంటే దక్షిణపు గాలి. పీపా కూడా ఉంటే మరీ ప్రమాదం.

ఆ శంకువు నాకు తెలుసండీ. రేవులో సిగ్నల్ స్తంభం దగ్గర ఇరవై ఆరేళ్లు పనిచేశాను. తాడు తడిస్తే కప్పీలో ఇరుక్కుంటుంది, అరచేతులు ఒరిసిపోతాయి. ఒకసారి మూడో నంబరు హెచ్చరిక ఎగరేశాను. మూడు రోజులు వేట ఆగింది. గాలి రాలేదు, చినుకు కూడా పడలేదు. నాలుగో రోజు ఒక బోటు ఓనరు నలుగుర్ని వెంటబెట్టుకుని వచ్చి, "నీ నంబర్లు వండుకు తింటామా?" అని నా సైకిల్‌ని కాలవలోకి తోశాడు. సైకిల్ పోతే పోయింది. అతని బోటులో కళాసీలు పదిమంది. వాళ్ళు ఏమీ అనలేదు. వాళ్ళు ఎప్పుడూ ఏమీ అనరు, అదీ నా బాధ.

మళ్ళీ దారిలోకి వస్తాను. 1861 ఆగస్టు 1న లండన్ టైమ్స్‌లో ఆయన మొదటి అంచనా అచ్చయింది. ఫోర్‌కాస్ట్ అనే మాటను వాతావరణానికి తగిలించింది ఆయనే. ఇది జోస్యం కాదు బాబూ, అంచనా, అని చెప్పుకున్నాడు. వింటేగా! తప్పిన రోజు నవ్వేవారు. పడవల యజమానులు నష్టమన్నారు. ఆ పత్రికే 1864లో ఆ తప్పులతో మాకు సంబంధం లేదని చేతులు దులుపుకుంది. అదే ఏడు నవంబరు 1న మన బందరు మీద ఉప్పెన పడింది. సుమారు 30,000 మంది పోయారు. అక్కడ నవ్వడానికైనా హెచ్చరిక ఉంది. ఇక్కడ శంకువూ లేదు, తంతి కబురూ లేదు. మనకు వాతావరణ శాఖ వచ్చింది 1875లో. ఆలోచించండి, వెనక వరసలో సెల్‌ఫోన్లు చూస్తున్న పిల్లలూ మీరు కూడా.

1865 ఏప్రిల్ 30, ఆదివారం. ఫిట్జ్‌రాయ్ పొద్దున్నే లేచి, కూతుర్ని ముద్దుపెట్టుకుని, గది తలుపు గడియ వేసుకున్నాడు. మళ్ళీ బయటికి రాలేదు. మనిషి దిగులుకు కారణం ఒక్కటే ఉండదు, ఆ దిగులు ఆయన ఇంట్లో ముందునుంచీ ఉంది, మేనమామా అలాగే తన ప్రాణం తానే తీసుకున్నాడు. సొంత ఆస్తంతా పనికే ఖర్చుపెట్టాడు, భార్యాబిడ్డలకు మిగిలింది అప్పు. చందాలు పోగుచేస్తే డార్విన్ వంద పౌన్లు ఇచ్చాడు. మత విషయాల్లో ఎంత పోట్లాడుకున్నా ఇచ్చాడు.

పెద్ద పెద్ద శాస్త్రవేత్తలు కూర్చుని, ఈ హెచ్చరికలకు శాస్త్రం చాలదని తేల్చారు. 1866 డిసెంబరులో ఆపేశారు. ఏమైంది? రేవుల నుంచి గొడవ. మాకు మా శంకువు కావాలని! ఆ తరవాత హెచ్చరికలు మళ్ళీ మొదలుపెట్టారు. ఇది చదివిన రోజు నేను అన్నం తినలేదు.

చీటీ వచ్చింది, టైమైందట. ఒక్క మాట. మన రేవులో పాత సిగ్నల్ స్తంభం గోదాం వెనక పడి తుప్పు పడుతోంది. పక్కన శంకువు ఒకటి, పీపా ఒకటి ఉన్నాయి, చట్రాలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. తుక్కు కింద తూకం వేయించే లోపు, ఎవరైనా ఒక ట్రాక్టర్ ఇస్తే ఈ కాలేజీ ఆవరణలో నిలబెట్టొచ్చు. రంగు నేను వేస్తాను.