చెయ్యని తప్పుకి చెమటలు పట్టిన మొగుడు

హోస్ట్: నమస్కారం. ఈ వారం సినిమా 1955లో వచ్చిన ‘ది సెవెన్ ఇయర్ ఇచ్’. దర్శకుడు బిల్లీ వైల్డర్. మార్లిన్ మన్రో తెల్ల గౌను గాలికి లేచే సీను తెలియనివాళ్లు లేరు. కథ మాత్రం చాలామందికి తెలీదు కదా అక్కా?

అతిథి: కథ చిన్నదే తమ్ముడూ. న్యూయార్క్‌లో మండు వేసవి. రిచర్డ్ షెర్మన్ పుస్తకాల కంపెనీలో పనిచేస్తాడు. పెళ్లాన్నీ పిల్లాణ్ణీ చల్లగా ఉండే మెయిన్ రాష్ట్రానికి పంపించి ఒక్కడే మిగిలాడు. పై వాటాలోకి ఓ అమ్మాయి దిగింది. సినిమా మొత్తంలో ఆ పిల్లకి పేరే లేదు!

హోస్ట్: పైనుంచి టమాటా కుండీ పడితే కదూ పరిచయం?

అతిథి: అవును, అప్పటిదాకా ఇతను కూర్చున్న కుర్చీ మీదే పడుతుంది. ఇక ఊహలు మొదలు. తను పియానో మీద రష్యన్ స్వరకర్త రాఖ్మానినోవ్ సంగీతం వాయిస్తుంటే ఆ పిల్ల కరిగిపోయినట్టు కల కంటాడు. తీరా ఆమె వచ్చాక ఆ రికార్డు పెడితే పట్టించుకోదు. ఇద్దరూ పియానో ముందు కూర్చుని పిల్లలు వాయించే చాప్‌స్టిక్స్ అనే చిన్న ట్యూన్ వాయిస్తారు. ముద్దు పెట్టబోయి బెంచీ మీంచి దబ్బున కింద పడతారు. అంతే జరిగింది. దానికే ఆ పిల్ల టీవీలో ఇతని పరువు తీస్తున్నట్టు, ఆ కబురు భార్యకి చేరినట్టు టెన్షన్!

హోస్ట్: దీనికి మూలం 1952లో వచ్చిన జార్జ్ ఆక్సెల్‌రాడ్ నాటకం. సినిమాలో రిచర్డ్‌గా వేసిన టామ్ యూవెలే అక్కడా హీరో. నాటకంలో వాళ్లిద్దరి మధ్యా సంబంధం ఏర్పడుతుంది. అప్పటి హాలీవుడ్ సెన్సార్ నియమాలు దాన్ని సినిమాలో ఒప్పుకోలేదు. అందుకే సినిమా చప్పబడిందని వైల్డరే తర్వాత బాధపడ్డాడు. నాకూ అదే అనిపిస్తుంది.

అతిథి: నేను ఒప్పుకోను. తప్పు జరిగుంటే అది అందరికీ తెలిసిన అక్రమ సంబంధం కథే అయ్యేది. జరగలేదు కాబట్టే గొడవంతా అతని బుర్రలో నడిచింది. చూడు, తన మనసు అటూ ఇటూ అవ్వగానే అక్కడ భార్య వాళ్లకి తెలిసిన టామ్ మెకెంజీతో తిరుగుతోందని అనుమానం పుడుతుంది! ఒక్క ఆధారం లేదు. తన బుద్ధినే ఆమెకి అంటగట్టాడు. మగవాడి మనసుని ఇంత నిజాయితీగా చూపించిన హాస్యం నేను చాలా తక్కువ చూశాను.

హోస్ట్: మరి భార్య సంగతి?

అతిథి: నాకు కోపం అక్కడే. హెలెన్ కనిపించేదే తక్కువ, అందులోనూ చాలా భాగం మొగుడి ఊహ. ఆ వేసవంతా ఆవిడ మనసులో ఏం నడిచిందో ఎవరూ అడగలేదు. ఆవిడ వైపునుంచి ఇదే కథ ఎవరైనా తీస్తే మొదటి ఆటకే వెళ్తాను.