తెర అవతల ట్యూబా: మెరైన్ బ్యాండ్ ఆడిషన్‌కి ఎలా తయారవ్వాలి

[ట్యూబా మీద ఒకే స్వరం, మెత్తగా మొదలై, ఎనిమిది లెక్కల పాటు]

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు ట్యూబా మీద, అంటే బ్యాండ్‌లో అన్నిటికంటే కింది స్వరాలు పలికే ఈ పెద్ద ఇత్తడి వాయిద్యం మీద, ఈ ఒక్క స్వరం ఎందుకు ఊదానంటే, ఆడిషన్‌లో తెర అవతల కూర్చున్న న్యాయనిర్ణేతలకు మీ గురించి తెలిసేది ఇంతే. మీ ముఖం కనపడదు. మీ పేరు, మీరు చదివిన కాలేజీ తెలియవు. మీ నాదం, మీ శ్రుతి, మీ లయ, ఈ మూడే అవతలికి వెళ్తాయి. ఈ మూడింటిలో ముందుగా పట్టుబడేది లయ. ఇవాళ్టి వీడియో అంతా దాదాపు దాని గురించే.

అమెరికాలో బ్యాండ్ క్లాసులో ట్యూబా వాయిస్తున్న మన తెలుగు పిల్లలు నన్ను తరచుగా ఒకటి అడుగుతున్నారు. ‘అన్నా, మిలిటరీ బ్యాండ్‌లో ఉద్యోగానికి ఆడిషన్ ఎలా ఉంటుంది?’ అని. మిలిటరీ బ్యాండ్లు చాలా ఉన్నాయి. వాషింగ్టన్‌లోనే ఆర్మీకి, నేవీకి, ఎయిర్ ఫోర్స్‌కి, మెరైన్లకి పెద్ద బ్యాండ్లు ఉన్నాయి. నేను మెరైన్ బ్యాండ్‌ని ఉదాహరణగా తీసుకుంటాను. ‘ప్రెసిడెంట్స్ ఓన్’ అని పిలిచేది దీన్నే. 1798లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ సంతకంతో పుట్టింది. 1801లో జెఫర్సన్ ప్రమాణ స్వీకారం నుంచి ప్రతి అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికీ వాయించింది. మార్చ్‌ల రాజు అనిపించుకున్న జాన్ ఫిలిప్ సూసా 1880 నుంచి 1892 వరకు దీనికి నాయకుడు.

ఇంట్లో అమ్మానాన్నలకు ‘మిలిటరీ’ అన్న మాట వినగానే టెన్షన్ మొదలవుతుంది. అందుకని వాళ్ళ కోసం ఒక మాట. మెరైన్ బ్యాండ్‌లో గెలిచినవాళ్ళు బూట్ క్యాంప్‌కి, అంటే సైనిక ప్రాథమిక శిక్షణకి, వెళ్ళరు. నేరుగా స్టాఫ్ సార్జెంట్ హోదాతో నాలుగేళ్ళ ఒప్పందం మీద చేరతారు, వాషింగ్టన్‌లోనే ఉంటారు. అధ్యక్షుడికీ, మెరైన్ కోర్ కమాండెంట్‌కీ సంగీతం అందించడమే వాళ్ళ పని. నేను చెప్పిన మిగతా మూడు బ్యాండ్లలో బూట్ క్యాంప్ తప్పదు. ఆర్మీలో అయితే అది పది వారాలు. ఇది ముందే ఇంట్లో కూర్చుని మాట్లాడుకోండి. ఆడిషన్ గెలిచాక చెప్పాల్సిన విషయం కాదు ఇది.

సరే, వాయిద్యం దగ్గరికి వద్దాం.

స్కూల్లో మీ చేతికి ఇచ్చేది చాలావరకు బి ఫ్లాట్ ట్యూబా. దాని గొట్టమంతా విప్పి సాపు చేస్తే సుమారు 18 అడుగులు. ఇప్పుడు నా ఒళ్ళో ఉన్నది సీ ట్యూబా, సుమారు 16 అడుగులు. అమెరికాలో ఈ స్థాయి ఆడిషన్లకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చేతుల్లో కనిపించేది ఇదే. మారాలనుకుంటే ఆడిషన్‌కి రెండు నెలల ముందు మారకండి. బి ఫ్లాట్ ట్యూబాలో వాల్వ్ (గాలి దారి మార్చే మీట) ఏదీ నొక్కకుండా వచ్చే స్వరానికి సీ ట్యూబాలో మొదటి వాల్వ్ నొక్కాలి. తలకి ఇది ఒక్క రోజులో అర్థమవుతుంది. వేళ్ళకి మాత్రం ఏడాది పడుతుంది. కంగారు పుట్టినప్పుడు వేళ్ళు పాత ఇంటికే పరిగెడతాయి.

ట్యూబా పుట్టిందే మిలిటరీ సంగీతంలో అని మీలో ఎందరికి తెలుసు? 1835లో బెర్లిన్‌లో దీనికి పేటెంట్ తీసుకున్నది విల్‌హెల్మ్ వీప్రెక్ట్, యోహాన్ మోరిట్జ్. వీప్రెక్ట్ ప్రష్యా సైనిక బ్యాండ్ల అధిపతి. ఆరుబయట నడుస్తున్న బ్యాండ్‌కి కింద గట్టి నేల కావాలి. ఆ నేల ట్యూబా. ఈ మాట గుర్తుంచుకుంటే ఆడిషన్‌లో ఏం వెతుకుతున్నారో సగం అర్థమైపోతుంది.

ఖాళీ ప్రకటించినప్పుడు వాయించాల్సిన భాగాల జాబితా ఇస్తారు. వీటినే ఎక్సర్ప్ట్‌లు అంటారు. ఆర్కెస్ట్రా రచనల నుంచి కొన్ని, బ్యాండ్ రచనల నుంచి కొన్ని ఉంటాయి. ట్యూబా వాళ్ళకు పదే పదే ఎదురయ్యేవి నాలుగైదు ఉన్నాయి. వాటిలో రెండింటి దగ్గర ఇవాళ కాసేపు ఆగుదాం.

మొదటిది వాగ్నర్ రాసిన ‘రైడ్ ఆఫ్ ది వాల్కిరీస్’. వినండి.

[వాల్కిరీస్ భాగం, నాలుగు బార్లు]

అందరికీ తెలిసిన ట్యూన్, సులువనిపిస్తుంది. కానీ ఎక్కువమంది జారిపోయేది ఇక్కడే. దీని తాళం తొమ్మిది బై ఎనిమిది. మన భాషలో చెప్పాలంటే మూడు దెబ్బలు, ఒక్కో దెబ్బలో తిశ్రం. తకిట తకిట తకిట. ఇంట్లో ఎవరైనా సంగీతమో నాట్యమో నేర్చుకుని ఉంటే ఇది మీ చెవిలో ఇప్పటికే ఉంది. ఇందులో ఒక పొడుగు స్వరం, వెంటనే ఒక చిన్న స్వరం, ఆ తర్వాత ఒక మధ్యరకం స్వరం వస్తాయి. పొడుగు స్వరం ‘త’ మీద మొదలై ‘కి’ సగం దాకా నిలబడాలి. చిన్న స్వరం ‘కి’ రెండో సగంలో పడాలి. మూడోది సరిగ్గా ‘ట’ మీద వాలాలి. చేతితో తాళం వేస్తూ నోటితో అనండి.

[చేతితో తాళం, నోటితో: తకిట, తకిట, తకిట]

ఇప్పుడు తప్పు ఎలా వినిపిస్తుందో చూడండి.

[అదే భాగం, చిన్న స్వరం తొందరపడుతూ]

తేడా విన్నారా? చిన్న స్వరం ముందుకు జరిగింది, ‘ట’ మీద పడాల్సింది దాని వెనకే పరిగెత్తింది. మూడు మూడుగా నడవాల్సింది రెండు రెండుగా గెంతుతోంది. గట్టిగా ఊదుతున్నప్పుడు ఇది మనకు వినపడదు, ఊపిరి హోరులో కలిసిపోతుంది. అందుకే మొదటి రెండు వారాలు దీన్ని మెత్తగా, సగం వేగంలో వాయించండి. మెట్రోనోమ్ దెబ్బకి ఒక్కసారి కాకుండా త, కి, ట మూడింటికీ మోగేలా పెట్టుకోండి. లయ ఎముకల్లోకి దిగాక నాదం పెంచండి. నా దగ్గరికొచ్చే పిల్లలందరికీ వరస తిప్పేసే అలవాటు ఉంది. ముందు గట్టిగా ఊది, తర్వాత దిద్దుకుందామనుకుంటారు. ముదిరిన తప్పు దిద్దడం చాలా కష్టం.

రెండోది గుస్తావ్ హోల్స్ట్ 1909లో బ్యాండ్ కోసం రాసిన ఇ ఫ్లాట్ సూట్, అందులో మొదటి భాగం షాకోన్. దీని మొదటి ఎనిమిది బార్లూ, అంటే ఎనిమిది తాళావర్తనాలూ, యుఫోనియం (ట్యూబాకి చిన్న తమ్ముడి లాంటి వాయిద్యం), ట్యూబాలవే. పైన ట్రంపెట్లు లేవు, క్లారినెట్లు లేవు. మెత్తగా, తిన్నగా, మూడు లెక్కల నడక. ఆ భాగమంతా ఈ ఎనిమిది బార్ల మీదే కట్టాడు హోల్స్ట్. వేగం లేదు, ఎత్తైన స్వరాలు లేవు. అయినా నాకు అన్నిటికంటే భయం వేసేది దీనికే. దాచుకోవడానికి ఏమీ లేదు. రెండో స్వరం శ్రుతిలో వెంట్రుకవాసి తేడా ఉన్నా అందరికీ తెలిసిపోతుంది.

దీనికి నేను వాడేది మన శ్రుతి పెట్టె. ఫోన్‌లో తంబూరా యాప్ ఉన్నా చాలు. ఆధార స్వరం ఇ ఫ్లాట్‌లో పెట్టి, దాని మీద ఒక్కో స్వరాన్నీ నిలబెట్టండి. తర్వాతి స్వరానికి వెళ్ళే ముందు దాన్ని నోటితో పాడండి. గొంతులో రాని స్వరం పెదవుల్లో రాదు. ట్యూనర్ ముల్లు చూస్తూ సాధన చేస్తే కళ్ళు నేర్చుకుంటాయి, చెవులు నేర్చుకోవు. ఇంకొకటి, వాల్వ్‌లు కలిపి నొక్కినకొద్దీ ట్యూబా శ్రుతి పైకి పోతుంది. అది మీ తప్పు కాదు, గొట్టం లెక్కే అంత. అందుకే నాలుగో వాల్వ్ ఉంది, అందుకే వాయిస్తూ ఎడమ చేత్తో మొదటి వాల్వ్ స్లైడ్ లాగుతాం. ఏ స్వరానికి ఎంత లాగాలో మీ వాయిద్యానికి మీరే పట్టిక రాసుకోండి. నా పట్టిక నా ట్యూబాకే పనికొస్తుంది.

వాగ్నర్‌దే ‘మైస్టర్‌సింగర్’ ప్రెలూడ్ కూడా జాబితాల్లో వస్తూనే ఉంటుంది. దాని గురించి ఒక్కటే చెప్తాను. ఊపిరి ఎక్కడ తీసుకుంటారో పెన్సిల్‌తో గుర్తు పెట్టండి, ఇక ఏ రోజూ మార్చకండి. పాట పొడుగ్గా సాగుతుంది, చివర్లో ట్రిల్, అంటే పక్కపక్క స్వరాలు రెండిటినీ వేగంగా మార్చి మార్చి ఊదడం, ఉంటుంది. ఊపిరి చాలని ట్రిల్ ఎలా ఉంటుందో తెర అవతల వాళ్ళు లెక్కలేనన్నిసార్లు విని ఉంటారు.

మార్చ్‌ల విషయం మర్చిపోకండి. ఆర్కెస్ట్రా భాగాలకు నెలలు కేటాయించి, మార్చ్ ఏముందిలే అనుకుంటారు. మిలిటరీ బ్యాండ్‌కి మార్చ్ అంటే అన్నంతో సమానం. సూసా 1888లో రాసిన ‘సెంపర్ ఫిడెలిస్’ ట్యూబా పార్ట్ తీసి, మెట్రోనోమ్‌ని రెండు దెబ్బలకి ఒకసారే మోగేలా పెట్టండి. మధ్యలో ఖాళీగా ఉన్న దెబ్బని మీరే నింపాలి. ప్రతి స్వరం పొట్టిగా ఉండాలి, కానీ గుండ్రంగా ఉండాలి. పొట్టి అనగానే పొడిగా కొట్టేస్తారు. గుడి గంట గుర్తు తెచ్చుకోండి. దెబ్బ చిన్నదే, మోత నిండుగా ఉంటుంది.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. నేను మొదటిసారి ఒక సైనిక బ్యాండ్ ఆడిషన్‌కి వెళ్ళినప్పుడు జాబితా అంతా కళ్ళు మూసుకుని వాయించగలను. వార్మప్ గదిలో గంటన్నర ఊదాను. పక్క గదుల్లోంచి వాల్కిరీస్ వినపడుతోంది, ఒక్కొక్కరూ నాకంటే వేగంగా వాయిస్తున్నారు. నా నంబర్ పిలిచారు. లోపలికి వెళ్ళి తెర ముందు కూర్చుంటే నోరు ఎండిపోయింది, పెదవులు అప్పటికే అలిసిపోయాయి. మొదటి భాగం నేను సాధన చేసిన వేగంలో కాదు, పక్క గదిలో విన్న వేగంలో మొదలుపెట్టేశాను. నాలుగు బార్లు తిరగకముందే తెలిసిపోయింది. తెర వెనక నుంచి ‘థాంక్యూ’ అన్నారు. విమానం ఛార్జీ, హోటల్ ఖర్చు నావే. ఈ ఆడిషన్లకి ఎవరి ఖర్చు వాళ్ళే పెట్టుకోవాలి. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను.

ఆ రోజు నాకు లేనిది సంగీతం కాదు. చల్లబడ్డ పెదవులతో, ఒక్క ప్రయత్నంలో మొదలుపెట్టే అలవాటు లేదు. అందుకని తర్వాత నా సాధన మార్చాను. పొద్దున లేచి కాఫీ తాగి, వార్మప్ లేకుండా ఒకే ఒక్క ఎక్సర్ప్ట్, ఒకే ఒక్కసారి రికార్డ్ చేసేవాణ్ణి. బాగా వచ్చినా రాకపోయినా రెండోసారి లేదు. సాయంత్రం దాన్ని విని, ఒకే ఒక్క లోపం రాసుకునేవాణ్ణి. వారానికి ఒకసారి ఇంట్లోవాళ్ళని హాల్లో కూర్చోబెట్టి, దుప్పటి అడ్డం కట్టి వాయించేవాణ్ణి. మా అమ్మకి వాగ్నర్ ఎవరో తెలియదు. కానీ ‘ఇక్కడ తొందరపడ్డావురా’ అని ప్రతిసారీ సరిగ్గా అదే చోట పట్టుకునేది. ఆవిడ చెయ్యి తొడ మీద తాళం వేస్తూ ఉండేది. మూడో ఆడిషన్‌లో నేను ఫైనల్స్ దాకా వెళ్ళడానికి ఆ చెయ్యే కారణం.

ఆ రోజుకి మీకు పనికొచ్చే అలవాట్లు కొన్ని చెప్తాను. తెర ముందు మాట్లాడకూడదు. ఏదైనా అడగాలంటే పక్కన ఉండే ప్రాక్టర్ (ఆడిషన్ నడిపించే సహాయకుడు) చెవిలో చెప్పాలి. కుర్చీలో కూర్చున్నాక పది సెకన్లు తీసుకోండి, ఎవరూ ఏమీ అనరు. మొదటి భాగంలో మీకు బాగా గుర్తున్న రెండు బార్లు లోపలే పాడుకోండి. వేగం అక్కడి నుంచే తీసుకోండి, వార్మప్ గదిలో చెవిన పడ్డది తీసుకోకండి. చుట్టూ మొత్తం బ్యాండ్ వాయిస్తోందని ఊహించుకోండి. షాకోన్ మొదలుపెట్టేటప్పుడు పక్కన యుఫోనియం ఉన్నట్టే ఊపిరి తీసుకోండి. ఒంటరిగా వాయిస్తున్నవాడికీ, పదిమందితో వాయిస్తున్నవాడికీ ఊపిరిలోనే తేడా వినపడుతుంది.

తప్పు స్వరం పడితే ఆగకండి, దిద్దకండి. ఒక స్వరం పోయినందుకు ఇంటికి పంపడం అరుదు. దాని తర్వాత లయ చెదిరితే మాత్రం పంపిస్తారు. సైట్ రీడింగ్ కాగితం, అంటే ముందెప్పుడూ చూడని సంగీతం అప్పటికప్పుడు చదివి వాయించమని, ముందు పెడితే కీ, తాళం, అన్నిటికంటే కష్టమైన బార్, ఈ మూడూ చూసి మొదలుపెట్టండి.

గెలిస్తే ఆరోగ్య పరీక్షలు ఉంటాయి. వైట్‌హౌస్‌లో వాయించాలి కాబట్టి భద్రతా తనిఖీ కూడా ఉంటుంది. వాటి గురించి ఇంకో వీడియోలో వివరంగా మాట్లాడతాను.

ఇప్పుడు ఒక పని చేద్దాం. మీ ట్యూబా తీసుకోండి. ఇంట్లో ఎవరినైనా పక్కన కూర్చోబెట్టుకోండి, సంగీతం తెలియకపోయినా ఫర్వాలేదు, తాళం వెయ్యమనండి. నేను షాకోన్ మొదటి ఎనిమిది బార్లు ఒకసారి వాయిస్తాను, రెండోసారి మీరు నాతో కలవండి. వార్మప్ వద్దు. ఊపిరి తీసుకోండి.

[శ్రుతి పెట్టె మీద ఇ ఫ్లాట్. మూడు లెక్కలు. షాకోన్, ఎనిమిది బార్లు]