పణుల గుహలో ఆవులు

సభలోని పెద్దలకు నమస్కారం.

ఋగ్వేదం పదో మండలంలో 108వ సూక్తం ఉంది. 11 మంత్రాలు, అంతా సంభాషణే. పణులనే దొంగలు ఆవుల్ని కొండ గుహలో దాచేశారు. జాడ తీయమని ఇంద్రుడు సరమను పంపాడు. వేదానికి భాష్యం రాసిన సాయణుడు ఆమెను దేవశుని అన్నాడు, అంటే దేవతల కుక్క. ఆమె రసా నదిని దాటి ఆ కొండ దగ్గరికి వెళ్లింది.

పశువుల దొంగతనం కథలాగే ఉంది కదా! అరవిందులు 1914లో పుదుచ్చేరిలో మొదలైన ‘ఆర్య’ మాసపత్రికలో వేదాన్ని లోపలి ప్రయాణంగా చదివారు. ఆయనకు దొరికిన తాళంచెవి ‘గో’ అనే మాట. ఆవు అనీ అర్థమే, కిరణం అనీ అర్థమే. వేదపదాల పాత పట్టిక ‘నిఘంటువు’ చెప్పే కిరణాల పేర్లలో ‘గావః’ ఉంది. ఉషస్సును వేదం ఆవుల తల్లి అంటుంది. తెల్లవారుజామున మంద బయల్దేరడం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు.

వేదంలో ప్రతి మాటనూ ఇలా తిప్పి చదవాలని నేను అనను. వాన కోసం చేసిన ప్రార్థన వాన కోసమే కావచ్చు. కానీ ఈ సూక్తం మాత్రం నన్ను వదల్లేదు. అలా చదివితే గుహలో ఉన్నది మన వెలుగే. పణులూ మనలోనే ఉన్నారు. పణం, పణ్యం మనకు తెలిసిన మాటలేగా, అంతా బేరం వ్యవహారం. ఇవ్వకుండా బిగబట్టుకునే బుద్ధే పణి.

వాళ్ల మాటతీరు చూడండి. ఇంత దూరం ఎందుకొచ్చావని మొదట ఆరా తీస్తారు. తర్వాత మా ఆయుధాలు పదునైనవని బెదిరిస్తారు. అదీ పారకపోతే, మాకు చెల్లెలుగా ఉండిపో, ఆవుల్లో వాటా ఇస్తాం అంటారు. నాకు అన్నా తెలియదు, చెల్లీ తెలియదు అంటుంది సరమ.

ఆ మూడో మాట నాకు బాగా తెలుసు. పొలం గట్టు విషయంలో మా తమ్ముడితో నాలుగేళ్లు మాటల్లేవు. ఫోన్ చేద్దామనుకున్నప్పుడల్లా లోపల ఎవరో ఎంతో ఆప్యాయంగా చెప్పేవారు: “న్యాయం నీ వైపే ఉంది, వాడే రానీ.” అది నా మేలు కోరే గొంతే అనుకున్నాను. దాన్ని నమ్మి ఇంట్లో పండగలు మానేశాను, అమ్మను చూడ్డానికి వాడు లేని రోజే వెళ్లేవాణ్ని. లోపలి గుహ బయట మా ఇల్లయి కూర్చుంది.

సరమ ఆవుల్ని విడిపించలేదు, అది గమనించండి. ఎక్కడున్నాయో కనిపెట్టింది, బేరానికి లొంగలేదు, అంతే. ఒకరోజు పొద్దున్నే ఈ సూక్తం చదువుతుంటే ఆ గొంతు ఎవరిదో నాకు పట్టుబడింది. పుస్తకం మూయకుండానే ఫోన్ కలిపాను. వాడు ఎత్తి కాసేపు మాట్లాడలేదు.

“అన్నయ్యా, అమ్మకు బాగానే ఉందా?” అన్నాడు.

“బాగుందిరా. టీ తాగావా?” అన్నాను.

గట్టు ఇంకా తేలలేదు. సంక్రాంతికి మాత్రం వాడి పిల్లలు మా ఇంటికే వచ్చారు.