విలువ వేసి చూడనివ్వండి
(హైస్కూలు గణిత ఉపాధ్యాయుల శిక్షణలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. భోజనాల తర్వాత సెషన్, పైగా బీజగణితం. కాబట్టి కునుకు తీసేవాళ్లని నేనేమీ అనుకోను.

తొమ్మిదో తరగతిలో బోర్డు మీద 'ఎక్స్² + 5ఎక్స్ + 6 ని కారణాంకాలుగా విడగొట్టండి' అని రాసి, కాసేపాగి నోటు పుస్తకాలు చూడండి. (ఎక్స్ + 2)(ఎక్స్ + 3) దాకా చాలామంది చక్కగా వస్తారు. కొందరు అక్కడితో ఆగరు. పక్కన '= 0' అని వాళ్లే చేర్చుకుని, కింద ఎక్స్ = –2, ఎక్స్ = –3 అని రాసి డబ్బా కట్టేస్తారు. మనం అడిగింది విడగొట్టమని. ఎక్స్ ఎంతో ఎవరూ అడగలేదు. కానీ దిద్దేటప్పుడు మనమూ 'కారణాంకాలు వచ్చాయి కదా' అని టిక్కు కొట్టి పేజీ తిప్పేస్తాం.

ఆ చేర్చుకున్న సున్నా దగ్గరే నేను ఆగాలనుకుంటున్నాను. తన చేతిలో ఉన్నది సమాన గుర్తు లేని సమాసమా, సమాన గుర్తున్న సమీకరణమా అన్నది ఆ విద్యార్థికి తెలియలేదు. సమాసంతో మనం చేసేది రూపం మార్చడం ఒక్కటే. ఎక్స్ స్థానంలో ఏ సంఖ్య వేసినా పాత రూపం, కొత్త రూపం ఒకే విలువ ఇవ్వాలి. సమీకరణం వచ్చేసరికి పని మారిపోతుంది. అది ఏ సంఖ్యలకి నిజమవుతుందో వెతకాలి. అక్కడ రెండు వైపులా 6తో గుణించినా ఫర్వాలేదు. సమాసాన్ని 6తో గుణిస్తే అది ఇంకో సమాసం అయిపోతుంది.

ఇది చెప్పినంత తేలిగ్గా బుర్రకెక్కదు. ఎక్స్/2 + ఎక్స్/3 ని సూక్ష్మీకరించమంటే 3ఎక్స్ + 2ఎక్స్ = 5ఎక్స్ అని రాసేవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు. కింద 6 ఏమైందిరా అంటే 'కొట్టేశాను సార్' అంటారు. వాళ్లని అని లాభం లేదు. క.సా.గు.తో గుణించి హారాలు పోగొట్టడం సమీకరణాల పాఠంలో మనమే నేర్పాం. ఆ వీలు సమాసానికి లేదని మాత్రం విడిగా చెప్పలేదు.

అప్పుడు నేను చేసే పని ఒకటే. తప్పని చెప్పను. 'ఎక్స్‌కి 6 వేసి చూడు' అంటాను. మొదటి రూపంలో 3 + 2, అంటే 5. తను రాసిన దాంట్లో 30. ఇక నేను నోరు తెరవాల్సిన పని లేదు. ఇలా విలువ వేయడం, అంటే ప్రతిక్షేపించడం, ఏడో తరగతి నుంచీ పుస్తకంలో ఉన్నదే. కాకపోతే దాన్ని ఒక అభ్యాసంలో ఐదు లెక్కలుగా చేయించి వదిలేస్తాం. తన జవాబు తప్పో ఒప్పో మాస్టార్ని అడక్కుండా తేల్చుకునే సాధనం అదేనని పిల్లలకి తెలియనివ్వం. ఇవాళ నేను చెప్పదలచుకున్నది చాలావరకు ఇదే.

(ఏ + బి)² = ఏ² + బి² అనే తప్పు సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సరైన సర్వసమీకరణాన్ని వందసార్లు రాయించినా ఆ తప్పు మళ్లీ వస్తుంది. 23ని 20 + 3గా విడగొట్టి వర్గం చేయించండి. 400 + 9 అంటే 409. మామూలుగా గుణిస్తే 529. ఆ 120 ఎక్కడికి పోయింది? గళ్ల కాగితం మీద 23 గళ్ల చతురస్రం గీసి, రెండు అంచుల్లోనూ 20 దగ్గర గీత కొట్టమనండి. 20 పొడవు, 3 వెడల్పు ఉన్న పట్టీలు రెండు కనిపిస్తాయి, ఒక్కోదాంట్లో 60 గళ్లు. లెక్క సరిపోయింది.

విలువ వేసేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. పిల్లలకి సున్నా అంటే మహా ఇష్టం, పని తొందరగా అయిపోతుందని. (ఎక్స్ + 2)² కి, ఎక్స్² + 4 కి సున్నా వేస్తే రెండూ 4 ఇస్తాయి, తప్పు కాస్తా ఒప్పయి కూర్చుంటుంది. 1 వేస్తే 9, 5 వస్తాయి, దొంగ దొరుకుతాడు. మరి ఎన్ని విలువలు వేస్తే నమ్మొచ్చు? ఈ ప్రశ్న ఏ చురుకైన పిల్లో అడిగితే పండగ చేసుకోండి. రెండో పరిమాణ బహుపదులు, అంటే ఎక్స్ పెద్ద ఘాతం 2 ఉన్నవి, రెండు తీసుకుంటే, మూడు వేర్వేరు విలువల దగ్గర సమానమైతే చాలు, అవి అన్నిచోట్లా సమానమే. ఎందుకంటే వాటి భేదం పరిమాణం 2కి మించదు. అలాంటి బహుపదికి, అది పూర్తిగా సున్నా అయితే తప్ప, రెండుకి మించి శూన్యాలు, అంటే దాని విలువని సున్నా చేసే సంఖ్యలు, ఉండవు. పదో తరగతిలో బట్టీ కొట్టించే 'శూన్యాల సంఖ్య పరిమాణాన్ని మించదు' అనే వాక్యం ఇక్కడ నిజంగా పనికొస్తుంది.

ఇక మధ్య పదాన్ని విడగొట్టడం. 2ఎక్స్² + 7ఎక్స్ + 3 ఇస్తాం. 'మొదటి గుణకాన్ని చివరి పదంతో గుణించు, 6. గుణిస్తే 6, కలిపితే 7 వచ్చే సంఖ్యలు చెప్పు' అంటాం. 6, 1 అంటారు. ఎందుకు గుణించాలో ఒక్కరూ అడగరు, మనమూ చెప్పం. నా సలహా, విడగొట్టే ముందు కలపండి. (2ఎక్స్ + 1)(ఎక్స్ + 3) ని గుణించమని, మధ్యలో వచ్చే రెండు పదాల్ని కూడొద్దనండి. 2ఎక్స్² + 6ఎక్స్ + 1ఎక్స్ + 3 అని నిలబెట్టి చూపించండి. ఆ 6 వచ్చింది 2, 3ల లబ్ధం నుంచి. ఆ 1 వచ్చింది 1, 1ల లబ్ధం నుంచి. రెండింటినీ గుణిస్తే అవే నాలుగు సంఖ్యల లబ్ధం. మొదటి గుణకాన్ని చివరి పదంతో గుణించినా అవే నాలుగు. ఇలాంటివి నాలుగైదు చేస్తే విడగొట్టడం అంటే వచ్చిన దారినే వెనక్కి వెళ్లడం అని వాళ్లకే తెలుస్తుంది.

అదే బహుపదిని సున్నాకి సమానం చేసి, వర్గం పూర్తిచేసే పద్ధతిలో సాధించమంటే ఏడుపు మొదలవుతుంది. 2తో భాగించాలి, 7/2లో సగం 7/4, దాని వర్గం 49/16. బీజగణితం వచ్చినవాళ్లు కూడా భిన్నాల్లో పడిపోతారు. మన పాత గణితవేత్త శ్రీధరాచార్యుడి పద్ధతి చూపించండి. ఆయన బీజగణిత గ్రంథం మనకి దక్కలేదు. కానీ ఈ సూత్రాన్ని 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు తన 'బీజగణితం' గ్రంథంలో ఆయన పేరుతోనే ఉదహరించాడు, అలా మిగిలింది. ఎక్స్² గుణకానికి నాలుగు రెట్లతో రెండు పక్షాల్నీ గుణించాలి. తర్వాత ఎక్స్ గుణకం వర్గాన్ని రెండు పక్షాలకీ కలపాలి. 2ఎక్స్² + 7ఎక్స్ = –3 ని 8తో గుణిస్తే 16ఎక్స్² + 56ఎక్స్ = –24. 49 కలిపితే ఎడమ వైపు (4ఎక్స్ + 7)², కుడి వైపు 25. కాబట్టి 4ఎక్స్ + 7 అనేది 5 గానీ –5 గానీ. ఎక్స్ = –1/2, లేదా –3. చివరి మెట్టు దాకా భిన్నమే రాలేదు. ఆ 25 ఎవరో కాదు, మన విచక్షణి, అంటే సూత్రంలో వర్గమూలం కింద వచ్చే సంఖ్య. ఇలా చేసిన పిల్లలకి వర్గ సమీకరణ సూత్రం ఉత్పాదన మళ్లీ చెప్పక్కర్లేదు. ఇంకో మాట, 'రెండు పక్షాల్నీ' అన్నాం కాబట్టే ఈ గుణకారం చెల్లింది. ఒట్టి సమాసానికైతే చెల్లదు.

గ్రాఫుల గురించి మధ్యాహ్నం రెండో సెషన్‌లో మాట్లాడతారు కాబట్టి నేను వదిలేస్తున్నాను.

ఇదంతా చేస్తే సిలబస్ ఎప్పుడవుతుంది, పదో తరగతి రిజల్ట్ టెన్షన్ మాకుండదా అని మీరు అడగొచ్చు. న్యాయమే. అయితే విలువ వేసి చూడటానికి రెండు నిమిషాలు కూడా పట్టదు. (ఎక్స్ – 2)(ఎక్స్ – 3) = 6 ఇస్తే, ఎక్స్ – 2 = 6 అని మొదలుపెట్టి 8, 9 అని తేల్చినవాళ్లు, 8 వేసి 6 × 5 = 30 చూస్తే వాళ్లంతట వాళ్లే కొట్టేసుకుంటారు. లబ్ధం సున్నా అయినప్పుడే ఆ విడదీత కుదురుతుందని అప్పుడు చెబితే చెవికెక్కుతుంది. విస్తరించి చేస్తే వచ్చేవి 0, 5.

కానీ ఈ సాధనానికీ ఒక హద్దుంది. ఎక్స్² = 5ఎక్స్ లెక్కలో ఇరువైపులా ఎక్స్‌తో భాగించి ఎక్స్ = 5 అని రాస్తారు. 5 వేసి చూస్తారు, 25 = 25, సంతోషిస్తారు. వచ్చిన జవాబు సరైనదే, రావాల్సినది ఇంకొకటి రాలేదు. విలువ వేసి చూస్తే ఇది పట్టుబడదు. పరిమాణం 2 కదా, రెండోది ఉందేమో అని అడగటం అలవాటు చేయాలి. సున్నా కాగల దానితో భాగించకూడదని కూడా ఇక్కడే చెప్పాలి. ఆ లెక్క దిద్దేటప్పుడు సగం మార్కులు వేసి ఊరుకోకండి. పక్కన 'సున్నా వేసి చూడు' అని ఎర్ర పెన్నుతో రాసి పేపరు వెనక్కివ్వండి.